పొదుగురాయి అమ్మకు పసుపు పూయరు

పొదుగురాయి గుట్ట మీద అమ్మవారి గుడి చిన్నది, గోపురం లేదు. కొత్తగా వచ్చే భక్తులు పసుపు, పూలు తెచ్చి గడప దగ్గర తెల్లబోతారు. ఇక్కడ అమ్మకు పసుపు పూయరు. ఎందుకో గుట్ట కిందివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. గొల్లలు గుట్ట మీదే ముళ్లకంప దడి కట్టుకొని మందలతో ఉండేవారు. ఒక ఏడు రోగం తగిలి మందకు మందే నేలకొరిగింది. మగవాళ్లు గింజల కోసం దూరం పోయారు. ఓబుళక్క అనే బాలింతకు మిగిలింది ఒక్క చూడి మేక. పురిటి జ్వరంతో ఆమెకు పాలు ఇంకిపోయాయి. చంటివాడు ఎండురొమ్ము చీకి చీకి ఏడ్చేవాడు. మేక ఎప్పుడు ఈనుతుందా అని అత్తాకోడళ్లు దాని వైపే చూస్తూ కూర్చున్నారు.

ఒక ఉదయం మేక ఈనింది. ఓబుళక్క సంతోషం పట్టలేక, తల్లి నాకకముందే పిల్లను ఎత్తుకొని వేడినీళ్లు పోసింది. ఒళ్లంతా పసుపు పూసి, "ఇది గుట్టమ్మ సొమ్ము" అని మొక్కింది. ఈనాక మేక వేసిన మావిని కుక్కలు ముట్టకుండా కంప కింద పాతిపెట్టింది. అప్పుడు మేకపిల్లను పొదుగు దగ్గర వదిలింది. మేక వాసన చూసి, కొమ్ములతో ఎత్తి అవతల పడేసింది.

మళ్లీ వదిలింది. మళ్లీ కుమ్మింది. పిల్ల మూతి తగలనిదే మేక చేపదు. చేపకపోతే పాలు దిగవు. ఓబుళక్క ఎంత పిండినా వేళ్లు తడవలేదు.

"మేకపిల్లకు పెళ్లికూతురి నలుగు పెడితివి కదే!" అంది అత్త నరసక్క. "నీ మొగుణ్ణి కన్నప్పుడు నేను కూడా ఇంత పసుపు పూయలేదు."

"కడిగేస్తానత్తా."

"కడిగితే పోయేదేనా? ముందు నీ కొడుకును చూడు. ఏడుపు ఆపేశాడు."

ఓబుళక్క బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి ఉంది. కాసేపాగి మళ్లీ పెట్టింది. నిద్రో నీరసమో తెలియలేదు.

మిట్టమధ్యాహ్నం కూర్చున్నచోటే ఆమెకు కునుకు పట్టింది. కలలో ముసలి గొల్లత ఒకామె మొహం పక్కకు తిప్పుకొని నిలబడింది. "నాకు పసుపు ఇస్తివి, సరే. దాని బిడ్డ వాసన దానికెవరిస్తారే? పాతిపెట్టింది తవ్వు."

ఓబుళక్క ఉలిక్కిపడి లేచి, కంప లాగి, చేతులతోనే తవ్వింది. "మైల తవ్వుతావేమే!" అని అత్త అరుస్తూనే ఉంది. మావి దొరికింది. దాని కింద గోళ్లకు రాయి తగిలింది. మేక పొదుగులా రెండు చన్నులున్న నల్లరాయి. ఆమె దానివైపు చూడనైనా లేదు. మావి తడితో మేకపిల్ల ఒళ్లంతా రుద్ది, తల్లి ముందర పెట్టి, దూరం జరిగింది.

మేక వాసన చూసింది. తల వంచింది. ఓబుళక్క గట్టిగా కళ్లు మూసుకుంది. కుమ్మిన చప్పుడు రాలేదు. నాకుతున్న చప్పుడు వచ్చింది.

మేకపిల్ల పొదుగు పొడిచింది, మేక చేపింది. ఒక చన్ను దానికి, రెండోది చంటివాడికి. పాలలో తడిపిన గుడ్డపీలికను అత్తే మనవడి నోట పెట్టింది. "మింగాడే!" అన్న మాట విన్నాకే ఓబుళక్క ఆ రాయికి చేతులెత్తి మొక్కింది.

ఆ రాయే నేటి మూలవిరాట్టు. అది ఆకాశం నుండి పడిందని కొందరంటారు, సరికాదు. తల్లి గోళ్లకు దొరికింది. పాలు పడని బాలింతలు బిడ్డకు స్నానం చేయించకుండానే తెచ్చి అమ్మ ముందు పడుకోబెడతారు. తిరిగి ఇల్లు చేరేలోగా రొమ్ము బరువెక్కుతుందని నమ్మకం. ఇక్కడి అభిషేకం జున్నుపాలతో మాత్రమే. చెంబుతో ఎంతటివారు వచ్చినా పూజారి గడప దగ్గర ఆపి అడుగుతాడు: "పిల్ల తాగిందా?"

తాగిందన్నాకే అమ్మ తలుపు తెరుస్తారు.