పిల్లి పడుకున్న కొత్త పొయ్యి

అనగనగా, సూర్యుడికంటే ముందు పొగ నిద్రలేచే నగరం ఒకటి ఉండేది. దాని పేరు వెలిగల్లు. అక్కడి కూలివాడలో రోజుకూలికి చీపుళ్లు కట్టే కోటమ్మ, ఆమె చంటిబిడ్డ, ఒక బూడిదరంగు పిల్లి ఒకే గదిలో ఉండేవారు.

కట్టెల పొగకు బిడ్డ రాత్రీ పగలూ దగ్గేవాడు. "ఈ పొగలోనే ఉంటే బిడ్డ దక్కడు తల్లీ" అన్నాడు వైద్యుడు.

వాడలో చాలా ఇళ్లది ఇదే బాధ. అది రాజు కీర్తిసేనుడి చెవిన పడింది. మొదట ఇంటింటికీ పొగరాని నూనెపొయ్యి ఉచితంగా పంచాడు. పొగ తగ్గలేదు. తరువాత నూనె ధర సగానికి తగ్గించాడు. అయినా పొగ తగ్గలేదు. దాంతో రాజుకు కోపం వచ్చింది. పాత పొయ్యిలు పగలగొట్టించడానికి భటులను వెంటబెట్టుకుని తానే వాడకు వచ్చాడు.

భటుడు గునపం ఎత్తాడు. కోటమ్మ బిడ్డను చంకనేసుకుని కట్టెలపొయ్యికి అడ్డం నిలిచింది.

"దీన్ని పగలగొడితే గంజి ఎక్కడ కాచుకోను దొరా?"

"కొత్త పొయ్యి ఇచ్చాం కదా! ఏదీ?"

గది మూల నుంచి పిల్లి ఒళ్లు విరుచుకుంటూ లేచింది. "ఇదిగో ప్రభూ, నా కిందే ఉంది. ఒక్కనాడూ వెలగలేదు. పడుకోవడానికి మహా చల్లగా ఉంటుంది."

భటులు కిసుక్కున నవ్వారు. రాజు నవ్వలేదు. "సగం ధరకే ఇస్తున్నా నూనె ఎందుకు కొనరు?"

"మీ కొట్టులో కడవకు తక్కువ అమ్మరు ప్రభూ" అంది పిల్లి. " కడవ నెలంతా వస్తుంది. కోటమ్మ కూలి మాత్రం సాయంత్రం వచ్చి పొద్దున్నకల్లా అయిపోతుంది. నెల డబ్బు ఒక్కసారి ఎక్కడ తెస్తుంది? కట్టెలవాడైతే గుప్పెడు పుల్లలైనా ఇస్తాడు."

"అయితే ఏం చేయమంటావు?"

"ఏ పూటకాపూట సరిపోయేలా గిద్దెడు చొప్పున అమ్మించండి. కడవ లెక్కన గిద్దకు ఎంత పడుతుందో అంతే తీసుకోండి. కూలి అందే వేళకు నూనెబండి వాడలోకే రావాలి."

వెంట వచ్చిన నూనెకొట్టు అధికారి లబోదిబోమన్నాడు. "మహారాజా! గిద్దలు కొలిచి కొలిచి నా చెయ్యి పడిపోతుంది!"

"కొలవడానికి ఇంకో పదిమందిని పెడతాను. ఆ బిడ్డకు ఇంకో గొంతు తేగలవా?" అన్నాడు రాజు.

ఆ సాయంత్రమే బండి వచ్చింది. కోటమ్మ గిద్దెడు నూనె కొని కొత్త పొయ్యి వెలిగించింది. "నా పడక పోయింది" అని గొణిగింది పిల్లి.

నెల తిరిగేసరికి బిడ్డ దగ్గు నెమ్మదించింది. పాత పొయ్యిని కోటమ్మే పగలగొట్టింది. వాడలోకి ఎవరిదో తెల్లపిల్లి వచ్చిందని జనం వింతగా చూశారు.

"నేనేనర్రా! పుట్టింది తెల్లగానే" అంది పిల్లి.

పేదవాడికి సాయం చేసేవారు ఇచ్చే వస్తువునే కాదు, అతని చేతికి కూలి అందే తీరును కూడా చూడాలి.