తాయారమ్మ వద్దన్న మంచువాలు

"గురువుగారూ, కూలని కొండకు భయపడి వెనక్కి రావడం వివేకమా, పిరికితనమా?" అని విశ్వేశ్వరం అడిగాడు. అడిగాడనడం మర్యాదకి, నిజానికి నిలదీశాడు. అమృతబోధులవారు వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. కిటికీలోంచి ఆ తెల్లటి వాలును చూస్తూ, "రేపు పొద్దున్న మళ్లీ అక్కడిదాకా వెళ్దాం" అన్నారు.

అసలు సంగతి చెప్పాలి. చలికాలంలో మేం ఏడుగురం రాజమండ్రి నుంచి గురువుగారి వెంట హిమాలయాల్లో ఒక చిన్న పల్లెకి వెళ్లాం. పల్లెకి పైన, మంచువాలు దాటితే, అమ్మవారి రాతిగుడి ఉంది. విశ్వేశ్వరం భార్య రాజ్యలక్ష్మి పోయేముందు తన ముక్కుపుడక ఆ అమ్మవారికి ఇమ్మని కోరిందట. అతను దాన్ని జేబులో పెట్టుకుని దారంతా తడుముకుంటూనే వచ్చాడు.

మూడు రోజులు ఎడతెగకుండా మంచు కురిసి, మేం గుడికి బయల్దేరిన పొద్దున్నే తెరిపిచ్చింది. ఎండ, మంచు, ఆకాశం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నడుస్తున్నది మేమో మా కలో తెలియకుండా ఉంది. మాట్లాడితే మెలకువ వచ్చేస్తుందేమోనని నాకైతే బెంగగా ఉంది.

వాలు మొదట్లో దారి చూపే దేవ్‌సింగ్ ఆగాడు. "పాత మంచు మీద కొత్తది పడింది. రెండూ అతుక్కున్నాయో లేదో పైకి తెలీదు. అడుగున గుమ్మని చప్పుడైతే మాత్రం పట్టు లేనట్టే. పట్టు లేకపోతే వాలంతా ఒక్కసారే జారిపోతుంది. నాకు సగం ధైర్యమే ఉంది" అన్నాడు. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దాటేముందు ఒక్కొక్కరినీ అడుగుతారు. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి, ఎందుకని అడగకూడదు. విశ్వేశ్వరం వెళ్దామన్నాడు. నేనూ అన్నాను; నలుగురితో పాటు తలూపడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆఖర్న మాకు వండిపెట్టే తాయారమ్మ, "వద్దు బాబూ" అంది.

వెనక్కి వచ్చేశాం. సాయంత్రం దాకా చూసినా వాలు నుంచి పిడికెడు మంచైనా రాలలేదు. "వంటిల్లు దాటని మనిషి మాట విని మా రాజ్యలక్ష్మి కోరిక పాడుచేశాను" అని విశ్వేశ్వరం అందరికీ వినబడేలా ఏడ్చాడు. తాయారమ్మ తలెత్తకుండా వడ్డించింది. గురువుగారిని అతను నిలదీసింది అప్పుడే.

మర్నాడు మళ్లీ అదే ఎండ, అదే నిశ్శబ్దం. వాలు మొదట్లో గురువుగారు దేవ్‌సింగ్‌తో, "ఇవాళ ముందు విశ్వేశ్వరాన్ని అడుగు. అందరి ప్రాణాలూ అతని మాట మీదే" అన్నారు.

విశ్వేశ్వరం ఒక అడుగు ముందుకు వేశాడు. కాళ్ల కింద ఎక్కడో లోతున, దూరంగా తలుపు మూసినట్టు, గుమ్మని ఒక చప్పుడు. మాకెవ్వరికీ వినబడలేదు. అది అతనికి నిన్న కూడా వినబడిందని, రాజ్యలక్ష్మి కోసం విననట్టు నిలబడ్డాడని చాలా రోజుల తర్వాత నాతో చెప్పాడు. ముక్కుపుడక తీసి అరచేతిలో పెట్టుకుని గుడివైపు చాలాసేపు చూశాడు. మా ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు.

"వద్దు" అన్నాడు. ముక్కుపుడక తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకని ఎవరూ అడగలేదు. దిగుతుంటే గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "బరువుగా ఉంది కదూ? నిన్న ఆవిడ ఒక్కతే మోసింది" అన్నారు.