నీళ్ళతో గీసిన బొమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక ముసలి ముళ్ళపంది ఉండేది. పిల్లజంతువులన్నీ ఆమెను ముళ్ళత్త అనేవి. ఒంటి మీదే కాదు, ఆమె మాటలోనూ ముళ్ళే. కానీ రాలిన తన ముల్లుకు నూలు చుట్టి గుడ్డ మీద బొమ్మ గీసిందంటే, వేటకు పోయే పులి కూడా ఆగి చూడాల్సిందే.

తుర్రి అనే ఉడుత ఆమె దగ్గర పని నేర్చుకుంటోంది. అప్పటికి నేర్చింది నలుపొక్కటే. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుపతుక్కూ బెల్లమూ ఊరిన నీళ్ళతో గీస్తే చాలు, గీత అప్పటికప్పుడే నల్లబడుతుంది. రంగంటే అంతే అనుకుంది తుర్రి.

ఆ ఏడు ముళ్ళత్త కళ్ళకు పొరలు కమ్మాయి.

"ఇదే నా ఆఖరి గుడ్డ. తొలకరి జాతరలో అడవంతా చూడాలి" అంది. పటిక నీళ్ళు కలుపుకుని, ముక్కు గుడ్డకు ఆనించి గీసింది. గీసింది గీసినట్టే ఆరిపోయింది. గుడ్డ మీద ఏమీ కనబడలేదు.

"అత్తా, బొమ్మేదీ?"

"ఉంది. నీ కళ్ళకే తొందర. నోరు మూసుకుని ఈగలు తోలు."

తుర్రి ఈగలు తోలుతూ కూర్చుంది. కాకి వచ్చి వాలింది.

"ఏమే తుర్రీ, మీ అత్త గుడ్డకు నీళ్ళు తాగిస్తోందా?"

ముంగిస వచ్చింది. "పాపం, చూపు పోయింది. ఆ మాట ఆమెకు చెప్పే దిక్కు లేదు" అని నిట్టూర్చింది.

కోతి వచ్చింది. "జాతరలో ఈ ఉత్త గుడ్డే కడతారా? అయితే ముందు వరసలో నాకు చోటుంచు. పళ్ళికిలించాలి."

తుర్రికి తల కొట్టేసినట్టయింది. అత్తను మళ్ళీ అడగొచ్చు. పిలిస్తే పలికే దూరంలోనే ఉంది. అడగలేదు. అత్త కునుకు తీయగానే గుడ్డ లాక్కుని మడుగుకు పోయింది.

"శుభ్రంగా ఉతికి, నేనే నల్లటి బొమ్మ గీస్తాను. అత్త పరువు నిలబడుతుంది" అనుకుంది. గుడ్డను ముంచింది, తొక్కింది, నానబెట్టింది. రాతికి తగులుకున్న కొస ఒక్కటే పొడిగా మిగిలింది.

ముళ్ళత్త లేచింది. "గుడ్డేదే?"

"మురికిగా ఉంటే తడిపాను అత్తా."

"ఎక్కడ? పారే వాగులోనా?"

"కాదు... మడుగులో."

ముళ్ళత్త వెళ్ళి పొయ్యి రాజేసింది. ఆ నోట ముల్లు రాకపోవడం తుర్రి మొదటిసారి చూసింది. తిట్టినా బాగుండేది.

ఎర్రరంగు దిగే చిరివేరు వేసిన బానలో గుడ్డను ఉడికించి, పైకి తీశారు. గుడ్డంతా ఎర్రటి మరక. మడుగులో తడవని కొసన మాత్రం, ఎర్రగా, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా, ఒక ఉడుత తోక.

"పటిక తగిలిన చోటే చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది" అంది ముళ్ళత్త. "పారే నీళ్ళలో జాడిస్తే ఎక్కువైన పటిక కొట్టుకుపోతుంది. నిలవ నీళ్ళలో నానితే గుడ్డంతా పాకుతుంది."

"ముందే చెప్పలేదేం అత్తా?" తుర్రి ఏడ్చింది.

"రెండోసారి అడుగుతావనుకున్నాను."

"మళ్ళీ గీయి అత్తా! పటిక నేను కలుపుతాను."

"చెయ్యి ఉందే తల్లీ. మిగిలిన కాస్త చూపూ ఆ గుడ్డతోనే పోయింది."

తొలకరి వచ్చింది, జాతర జరిగింది. కాకి, ముంగిస, కోతి కడుపునిండా తిని పోయాయి. తాము అన్న మాటలు వాటికి గుర్తు కూడా లేవు.

తర్వాత తుర్రి చాలా ఎర్రబొమ్మలు గీసింది. అడవంతా మెచ్చుకుంది. కానీ ఆ తోక ఉన్న ఉడుత ఏం చేస్తూ ఉండేదో, దాని పక్కన ఇంకెవరుండేవారో, ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

నీతి: మన కంటికి కనబడలేదని ఒకరి పనిని చెరిపేయకూడదు, చెరిపే ముందు ఇంకొక్కసారి అడగాలి.