నాంచారమ్మ బొట్టు

అనగా అనగా, ఇళ్ళు గానుగ సున్నంతో లేచే రోజుల్లో, కృష్ణ ఒడ్డున ఒక ఊరుండేది. ఏ ఊరని అడిగితే ఎవరికి వాళ్ళు తమ ఊరి పేరే చెబుతారు, కాబట్టి అడగడం దండగ. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక మనిషి ఉండేది. రాణి కాదు, మంత్రాలు రావు, పాములతో మాట్లాడదు. గోడలకు మెరుగు పెట్టేది. అంతే.

ఇల్లు కట్టేటప్పుడు రాళ్ళు పేర్చేవాళ్ళు పేరుస్తారు, దూలాలు ఎత్తేవాళ్ళు ఎత్తుతారు, మేస్త్రులు ముతక పూత పూసి చేతులు కడుక్కుంటారు. వాళ్ళంతా వెళ్ళాక నాంచారమ్మ వచ్చేది. మెత్తగా నూరిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు, గుడ్డు తెల్లసొన కలిపి లోపలి గోడలకు పల్చగా పూసేది. ఆ తడి ఆరీ ఆరకముందే ఏటి గులకరాయితో రుద్దేది. రుద్ది, రుద్ది, రుద్ది, గోడలో మొహం కనిపించేదాకా రుద్దేది. ఆ తర్వాత గోడ చేయాల్సిన పని ఒక్కటే, ఆరడం. మనుషులు చేయాల్సిన పనీ ఒక్కటే, దాని జోలికి పోకుండా ఉండటం. ఆ ఒక్క పనీ ఎవరివల్లా అయ్యేది కాదు.

అదేం పాడు అలవాటో గానీ, కొత్త ఇల్లు చూడటానికి వచ్చినవాడు ఇల్లు చూడడు. తిన్నగా గోడ దగ్గరికి పోతాడు. "ఆరిందా?" అంటాడు. అంటూనే వేలితో నొక్కుతాడు. ఆరితే ఏం చేస్తాడు? ఏమీ చెయ్యడు. ఆరకపోతే? "అబ్బే, ఇంకా ఆరలా" అని వేలు పంచెకు తుడుచుకుని పోతాడు. గోడ మీద గుంట మిగులుతుంది. గుంట పూడిస్తే అతుకు కనిపిస్తుంది. అందుకని గోడంతా గీకాలి, మళ్ళీ పుయ్యాలి, మళ్ళీ రుద్దాలి. ఇంటాయన నొక్కాడు, ఇంటాయన బావమరిది నొక్కాడు, ముహూర్తం పెట్టడానికి వచ్చిన పంతులుగారు రెండు వేళ్ళతో నొక్కారు. నాంచారమ్మ అందరినీ ఒకే మాట అనేది.

"నోరుంది గదా, అడగొచ్చు గదా! చెయ్యెందుకొస్తది?"

అనేది, గీకేది, పూసేది, రుద్దేది. ఆ ఊళ్ళో ఆ మాట పడని మనిషి లేడు. మీరు నవ్వకండి, మీరుంటే మీరూ పడేవాళ్ళే.

ఇన్ని ఇళ్ళకు మెరుగు పెట్టిన మనిషి తాటాకు పాకలో ఉండేది. మట్టి గోడలు, వానకు సగం పోయాయి, ఎలుకలకు సగం పోయాయి. ముసలితనం వచ్చి, భుజం పైకి లేవనని మొరాయించడం మొదలుపెట్టాక, నాంచారమ్మకు ఒక కోరిక పుట్టింది. తనకంటూ ఒక గది. అందులో గడపకు ఎదురుగా ఒక గోడ. దాని మీద ఎవడి వేలి గుంటా ఉండకూడదు. తను మెరుగు పెట్టిన గోడ పెట్టింది పెట్టినట్టు ఆరడం, జన్మలో ఒక్కసారి కళ్ళారా చూడాలి.

మేస్త్రులు మంచివాళ్ళు. పని లేని రోజుల్లో తలా ఒక చెయ్యి వేసి గది లేపిపెట్టారు. సున్నం నాంచారమ్మే నూరుకుంది. ఎదురుగోడకు పూసింది, రుద్దింది. మొహం కనిపించింది. హమ్మయ్య అని గడపలో కూలబడింది.

అప్పుడు పెదకాపు వెంకటప్పయ్య వచ్చాడు. ఊరికి పెద్ద, మనిషి కూడా పెద్దే.

"ఏం నాంచారీ, ఇల్లు కట్టావంట గదా. చూసి పోదామని వచ్చా."

"చూడండి బాబూ. కళ్ళతో చూడండి."

"కళ్ళతో కాక దేంతో చూస్తారే?" అని నవ్వుతూ లోపలికి వెళ్ళి, "ఆరిందా?" అని బొటనవేలితో నొక్కాడు.

"నోరుంది గదా బాబూ, అడగొచ్చు గదా! చెయ్యెందుకొస్తది?"

"నేనేం నొక్కలేదే. ఊరికే అట్టా ఆనిచ్చా. నీ గోడే మెత్తగా ఉంది."

గీకింది, పూసింది, రుద్దింది. మొహం కనిపించింది. ఈసారి గడపకు అడ్డంగా తుమ్మకంప వేసింది. ఆ మధ్యాహ్నమే తమ్ముడి పెళ్ళాం రత్తమ్మ వచ్చింది. కంప చూసింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి దాటేసింది. కంప పరాయివాళ్ళకు గానీ ఆడబిడ్డ ఇంట్లో తనకెందుకు? నాంచారమ్మ నీళ్ళబిందెతో తిరిగొచ్చేసరికి గోడ నిండా చారలు. చారల్లో నేతచీర గళ్ళు అచ్చుపడి ఉన్నాయి.

"దుమ్ము పడిందని తుడిచా వదినా."

"నోరుంది గదే, అడగొచ్చు గదే! చెయ్యెందుకొస్తది?"

"నేను చెయ్యి పెట్టలా! కొంగు పెట్టా!"

నాంచారమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది. బాధతో కాదు, ఒళ్ళుమండి ఏడ్చింది. "నన్ను కాటికి మోసుకుపోయేటప్పుడు కూడా, పోయిందా లేదా అని నొక్కి చూస్తారే మీరు!" అంది. రత్తమ్మ మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది.

సున్నం అడుగంటింది. ఇంకొక్క పూతకు వస్తుందంతే. మళ్ళీ నూరే ఓపిక ఆ భుజంలో లేదు.

గీకింది, పూసింది, రుద్దింది. మొహం కనిపించింది. ఈసారి కంప వేసింది, తలుపు వేసింది, తలుపుకు వీపు ఆనించి లోపల తనే కర్ర పట్టుకుని కూర్చుంది.

పెదకాపు వచ్చి తలుపు తట్టాడు. "ఆరిందా?"

"ఆరలా! పోండి!"

రత్తమ్మ అలక మాని గంజి తెచ్చింది. "వదినా, ఆరిందా?"

"ఆరలా! గంజి కిటికీలో పెట్టి పో!"

పొద్దు పొడిచింది, పొద్దు గూకింది, మళ్ళీ పొడిచింది. అట్లా ఎన్ని పొద్దులో ఎవరు లెక్కపెట్టారు? ఒక ఉదయం కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీద పడింది. గోడంతా మీగడ కట్టిన పాలలాగా ఉంది. అందులో కిటికీ ఉంది, కిటికీ అవతలి ఆకాశం ఉంది, నాంచారమ్మ ఉంది. ఒక్క గుంట లేదు, ఒక్క చార లేదు. ఇది నేనే చేశానా అనుకుంది. ఎంత ముచ్చటేసిందంటే కర్ర ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. లేచింది. గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఆరిందా?" అంది. వేలు పెట్టి నొక్కింది.

ఆరలేదు.

"ఓసి నీ చెయ్యి పడిపోనూ!" అని తన చేతిని తానే తిట్టుకుంది. నోరుంది గదా, అడగొచ్చు గదా అనబోయింది. అడగడానికి అక్కడ ఇంకెవరున్నారు? గీకుడు చిప్ప తీసింది. గోడ వంక చూసింది. చిప్ప కింద పెట్టేసింది.

అప్పుడు తెలిసింది నాంచారమ్మకు. ఇన్నేళ్ళూ ఆ జనం ఆరిందో లేదో చూడటానికి నొక్కలేదు. గోడ నచ్చి, ఆగలేక నొక్కారు. ఆ ముక్క ఒక్కడైనా చెప్పి ఏడవొచ్చు గదా! వాళ్ళకూ తెలిసి ఉండదు. సంగతి తెలిసింది గానీ కోపం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. దాని మీద సిగ్గొకటి వచ్చి కూర్చుంది. ఊరంతటినీ జన్మంతా తిట్టి, చివరికి తను చేసిన పని ఇదా! గోడ ఆరాక ఆ గుంట కనపడకుండా ఒక చేట అడ్డం పెట్టింది. మేకు కొట్టడానికి మనసొప్పక, చేటను దూలం నుంచి తాడుతో వేలాడదీసింది.

"గోడకు ఆ చేటేంది వదినా?" అనేది రత్తమ్మ.

"నీకెందుకే?" అనేది నాంచారమ్మ.

అట్లాగే కొన్నాళ్ళు ఆ గదిలో బతికి, ఒక ఎండాకాలంలో నాంచారమ్మ పోయింది. ఊరంతా కదిలొచ్చింది. కర్మలయ్యాక రత్తమ్మ గది శుభ్రం చేస్తూ చేట విప్పింది. అద్దంలాంటి గోడ మధ్య ఒక వేలి గుంట.

ఇక చూడండి గొడవ! "ఆ రోజు కంప దాటింది నువ్వే" అన్నాడు పెదకాపు. "అందరికంటే ముందు నొక్కింది మీరే" అంది రత్తమ్మ. "ముసల్దాని గోడ చెడగొట్టిన పాపిష్టి చెయ్యి ఎవరిదో తేలాల్సిందే" అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఒక్కొక్కరూ వచ్చి గుంటకు ఎదురుగా, ఆనకుండా వేలు పట్టి కొలుచుకున్నారు. గోడ ఎప్పుడో ఆరి రాయిలా అయిపోయింది, అయినా దాన్ని తాకే ధైర్యం ఒక్కరికీ లేదు. పెదకాపు బొటనవేలు అందులో పట్టదు. రత్తమ్మ వేలు సన్నం. చివరికి రత్తమ్మ దీపం దగ్గరగా పట్టి చూసింది.

"గీతల్లేవు" అంది.

ఎవరి వేలికైనా గీతలుంటాయి, తడి సున్నంలో అచ్చుపడతాయి. ఈ గుంట నున్నగా ఉంది. సున్నంలో నానీ నానీ గీతలన్నీ అరిగిపోయిన వేలు ఆ ఊళ్ళో ఒక్కరిదే.

పెదకాపు గడపలో కూలబడ్డాడు. "ఓసి నాంచారీ! నన్నెంత తిట్టావే!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. రత్తమ్మ మాత్రం నవ్వలేదు.

"ఒక్క మాట చెప్తే ఏం పోయేది వదినా?" అని గోడనడిగింది. "ఇద్దరం కూర్చుని నవ్వుకునేవాళ్ళం గదా."

ఆ పైయేడు పెదకాపు కొడుకు ఇల్లు కట్టాడు. గోడలు మెరుగయ్యాయి. పెదకాపు మేస్త్రిని పిలిచి, "ఎవడో ఒకడు ఎట్టాగూ నొక్కుతాడు. ముందు ఆవిడ పేరు చెప్పి నువ్వే నొక్కు" అన్నాడు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త ఇంటి గోడకు చివరి పూత పడగానే, మేస్త్రి గుమ్మం పక్కన చూపుడువేలితో ఒక గుంట పెడతాడు. గృహప్రవేశం నాడు ఇంటావిడ దానికి పసుపు పూసి కుంకుమ పెడుతుంది. దాన్ని నాంచారమ్మ బొట్టు అంటారు. అది పెట్టాక ఇంకెవరూ గోడ ముట్టుకోరని నమ్మకం. నమ్మకానికేం, ముట్టుకునేవాళ్ళు ముట్టుకుంటూనే ఉంటారు. "నోరుంది గదా, అడగొచ్చు గదా!" అని ఇంటావిడ కేకలేస్తుంది. వాళ్ళటు పోగానే అటూ ఇటూ చూసి, తనూ ఒకసారి ముట్టుకుంటుంది.