చేమాకు ఎందుకు తడవదు?

ఒకప్పుడు చేమాకు కూడా అన్ని ఆకుల్లాగే తడిసేది. తడవడమేమిటి, పీల్చేసేది! ఎంత వాన పడ్డా గుటగుటా తాగేసి "ఇంకా ఉందా?" అని అడిగేది.

ఆ రోజుల్లో అప్పలకొండ అనే ఆవిడ మట్టిగోడల ఇల్లు కట్టుకుంది. ఆవిడ తెలివైంది, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. చూరు వెంబడి తాటిదోనె కట్టి, దాని చివర వెదురు గొట్టం నిలబెట్టింది. "మా ఇంటి చూరు నీళ్ళన్నీ ఒక్కచోటే దిగుతాయి!" అని ఊరంతా చెప్పుకుంది.

దిగాయి. తొలి ముసురుకే గోడ మొదట్లో గొయ్యి పడింది. ఆ గోడకి అవతలే కూతురు పసిగుడ్డుతో పడుకుని ఉంది.

అప్పలకొండ పరుగున వెళ్ళి గొట్టం మూతిని పక్కింటివైపు తిప్పేసింది. పక్కింటి పైడయ్య తాటాకు గొడుగేసుకుని ఊడిపడ్డాడు.

"ఏటొదినా ఇది? నీదే గోడా, మాది గోడ కాదేటి?"

అప్పలకొండకి సిగ్గేసింది. నిజమే మరి. గొట్టాన్ని మళ్ళీ ఇటే తిప్పుకుంది.

గొట్టం కిందున్న చేమమొక్క తలెత్తింది. "బెంగెట్టుకోకమ్మా! వచ్చిన నీరంతా నాను తాగేత్తాను కదా!"

తాగింది. తాగీ తాగీ ఆకు ఉబ్బి, బరువెక్కి, బురదలోకి వాలిపోయింది. గొయ్యి ఇంకా లోతైంది. గోడలోంచి ఒక మట్టిపెళ్ళ దబ్బున ఊడిపడింది. లోపల బిడ్డ కెవ్వుమంది.

వాననీరు పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా, నన్ను తాగి తీర్చినోళ్ళెవరు? నాకు గోడమీద పగేటి? అందరూ పొమ్మంటారే గాని, ఎటు పోవాలో ఒక్కరూ సెప్పరు!"

ఆ మాటతో అప్పలకొండకి దారి దొరికింది. బిడ్డ ఒంటికి రాయడానికి గిన్నెలో ఆముదం సిద్ధంగా ఉంది. అది తెచ్చి, బిడ్డకి రాసినట్టే చేమాకుకి ఒళ్ళంతా పట్టించింది. వాలిన ఆకుని లేపి, కొనని పెరటివైపు వంచింది.

"నువ్వు తాగొద్దు తల్లీ. జార్చు, సాలు."

ఆకు కొన కింద నుంచి గునపంతో కాలవ తవ్వడం మొదలెట్టింది. పైడయ్య గొడుగు అవతల పారేసి, పిలవకుండానే పార పట్టాడు. కాలవ రెండిళ్ళ వెనకున్న అరటిపాదుల దాకా సాగింది.

గొట్టంలోంచి నీళ్ళు ఆకుమీద పడ్డాయి. గోళీల్లా దొర్లి కాలవలోకి దూకాయి. "ఇదీ దారంటే!" అంటూ నీరు అరటిచెట్ల దగ్గరికి పరుగుతీసింది. గోడ నిలబడింది. ఆ రోజు బిడ్డకి ఆముదం లేకుండానే నీళ్ళు పోశారు. వాడు హాయిగా నిద్రపోయాడు.

అప్పటినుంచే చేమాకు ఎంత వానలోనూ తడవదు. కొన కిందికి వంచి, పడ్డ నీటినంతా జార్చేస్తుంది. నమ్మకపోతే చెంబెడు నీళ్ళు పోసి చూడండి. పోసేముందు మాత్రం, అవి ఎవరి గోడవైపు పోతాయో చూసుకోండి.