సాయమ్మ మూట

హకీము యాకూబుకి నిండు దర్బారులో తల కొట్టేసినట్టయింది.

కోట కింది పేటలో వాంతులూ విరేచనాలూ ప్రబలాయి. "ఆ జనం మురికి వల్లే ఇదంతా. శుక్రవారానికల్లా గుడిసెలు పీకించెయ్యాలి," అన్నాడు దివాను. నిజమేమిటో రాసి తెమ్మని నవాబు యాకూబుని పంపాడు. అతను గడపగడపా తిరిగాడు. జబ్బుందంటే గుడిసె పోతుందని భయపడి అందరూ "మాకేంటయ్యా, గుండ్రాయిలా ఉన్నాం," అన్నారు. ఈ మహానుభావుడు అదే రాసుకొచ్చాడు!

"నువ్వు బాగున్నారని రాసిన ఇంట్లోంచే నిన్న రెండు శవాలు లేచాయి కదయ్యా," అని దివాను ఆ కాగితం విసిరికొట్టాడు.

యాకూబు తన గురువు మస్తాన్ పీరు దగ్గరికెళ్లి లబోదిబోమన్నాడు. "ఒక్కరూ నిజం చెప్పలేదు బాబా! ఎల్లుండే శుక్రవారం!"

పీరు అతన్ని పేటలోకి తీసుకెళ్లాడు. అక్కడ బట్టలుతికే సాయమ్మ మాసిన బట్టల మూట ఎత్తుకోలేక అవస్థ పడుతోంది. పీరు ఆ మూటెత్తి యాకూబు నెత్తిన పెట్టాడు.

దర్బారు హకీము నెత్తిన మైలమూట! సిగ్గుతో చచ్చిపోతూ ఏటిదాకా మోశాడు.

"బరువా అయ్యా? పదిరోజులుగా ఇంతే. అన్నీ దిగువ వీధి దుప్పట్లే," అంది సాయమ్మ, మూట విప్పుతూ.

"ఎవరివో ఎలా తెలుసు?"

"ప్రతి ఇంటి బట్టకీ నల్లజీడి రసంతో గుర్తు పెట్టింది నేనేగా! ఇందులో ఎగువ వీధి గుర్తు ఒక్కటి చూపించు. వాళ్లు బావినీళ్లు తాగుతారు. వీళ్లకి కాలవే గతి. దివానుగారి గుర్రాలసాల కడిగిన నీళ్లన్నీ అందులోకేగా!"

"మరి నాకు చెప్పలేదే?"

"ఏటికొచ్చి నన్నడిగావా?"

యాకూబు గబగబా కలం తీశాడు. పీరు దాన్ని లాక్కుని తన జోలెలో వేసుకున్నాడు.

"ఆ తల్లికి నోరుంది కదా బేటా," అన్నాడు.

మర్నాడు సాయమ్మ దర్బారుకి బయల్దేరింది. ఆమే కదిలేసరికి దిగువ వీధంతా భయం మానేసి వెంట నడిచింది. దర్బారులో ఆమె దుప్పటి తర్వాత దుప్పటి పరిచి, అది ఎవరింటిదో, వాళ్లు తాగేది ఏ నీళ్లో చెప్పింది. గుర్తులు వేసిన చెయ్యే సాక్ష్యమయింది. నవాబు గుడిసెల జోలికి పోవద్దన్నాడు, గుర్రాలసాలని ఊరి అవతల, కాలవ దిగువకి మార్చమన్నాడు, దిగువ వీధికి బావి తవ్వమన్నాడు.

అమ్మయ్య! శుక్రవారం పేటలో పొయ్యిలన్నీ వెలిగాయి.

ఆ పొద్దున పీరు కలం తిరిగిద్దామని యాకూబుని వెతుక్కుంటూ వచ్చాడు. ఏటి దారిలో, సాయమ్మ వెనకాల, నెత్తిన మూటతో ఎదురయ్యాడతను.

"ఇంద, నీ కలం."

"మీ దగ్గరే ఉండనీండి బాబా," అన్నాడు యాకూబు. "ముందిది దించొస్తాను."