పదిహేను సార్లు ఆగిన చేట

సన్యాసమ్మ గారి శిష్యుల్లో అగ్రగణ్యుణ్ణి నేనే. ఈ మాట విజయనగరంలో ఎవరినడిగినా చెబుతారు. ఎవరినడిగినా అంటే, మా అమ్మనడిగితే చెబుతుంది. మిగతావాళ్లు కాస్త ఆలోచించి, ‘ఎవరు, గుమ్మం దగ్గర కూర్చుంటాడే, అతనా?’ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ పాఠం చెప్పే ముందుగదిలో గుమ్మానికి ఆనుకుని కూర్చునేది నేనే. అందరికన్నా ముందు కంటబడతాను కనక పాలపేకెట్టు తెమ్మన్నా, కరెంటు మనిషిని పిలవమన్నా నన్నే లేపుతారు. అగ్రగణ్యత అంటే అదే.

సన్యాసమ్మ గారు ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. అక్కడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్లంతా బదిలీలు పెట్టుకుంటే, ఆవిడ మాత్రం వాటి భాష నేర్చుకుని కూర్చున్నారు. రిటైరయ్యాక మాలాంటి ఆరుగురికి ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ఆవిడకి రెండు అలవాట్లు. అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పరు. ప్రశ్న తెచ్చినవాణ్ణి భోజనం పెట్టకుండా పంపరు. మాలో కొందరం రెండో అలవాటు కోసం మొదటిదాన్ని ఓర్చుకుంటున్నామని ఆవిడకీ తెలుసు.

ఒక శుక్రవారం పొద్దున్నే గౌరీపతి ప్రశ్న తెచ్చాడు. గౌరీపతి మాలో నిజంగా తెలివైనవాడు. ఆ సంగతి అతనికి తెలియడం ఒక్కటే లోపం. ఆ రోజు మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“మేడం గారూ, మనిషి దృష్టి పని మీదే ఉందో, పక్కకి పోయిందో ప్రోగ్రాముకి తెలియాలంటే ఏం చెయ్యాలండీ?”

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, “నువ్వేం చేశావో ముందు చెప్పు,” అన్నారు.

అతను చెప్పింది ఇదీ. కంటోన్మెంటు వైపు పోలినాయుడు గారని ఒకాయన పాత దస్తావేజుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే కేంద్రం నడుపుతున్నారు. అక్కడ పన్నెండుమంది ఆపరేటర్లు వెలిసిపోయిన చేతిరాతని చూసి టైపు చేస్తారు. పని తగ్గింది, ఒకర్ని మాన్పించాలి. మనసుపెట్టి పనిచెయ్యనివాళ్లు ఎవరో తేల్చమని ఆయన గౌరీపతికి అప్పగించారు. తెర మీద ఎన్ని విండోలు తెరిచి ఉన్నా, మనం కొట్టిన అక్షరం ఒక్కదానికే చేరుతుంది. దానికి ఫోకస్ ఉందంటాం. ఇంకో విండో పైకొస్తే ఫోకస్ దానికి పోతుంది. గౌరీపతి ప్రోగ్రాము సెకనుకోసారి తొంగిచూసి, ‘టైపు విండోకి ఫోకస్ ఉందా?’ అని అడుగుతుంది. లేకపోతే ఆ ఆపరేటరు ఖాతాలో ఒకటి వేసుకుంటుంది. ఫోకస్ పోగానే హెచ్చరిక పెట్టె ఒకటి తెర మధ్యకి తెస్తుంది. దాని మీద ‘సరే’ నొక్కితే మళ్లీ పనిలోకి వెళ్లొచ్చు.

“పదకొండుమందికి రోజుకి ముప్పయ్యో నలభయ్యో వస్తున్నాయండీ. చినతల్లి గారని ఒకావిడకి మూడువందల పదహారు! ఆవిడ కంప్యూటరే పాడైందేమోనని కుర్చీలు మార్పించాను. అంకె ఆవిడతోనే పక్క కుర్చీకి వెళ్లింది. నేనే ఆవిడ కంప్యూటరు ముందు పగలంతా కూర్చున్నాను. నాకు ముప్పయ్యొకటే.”

“పనెలా చేస్తారావిడ?”

“అదేనండీ అర్థం కావట్లేదు. తొమ్మిదేళ్లుగా చేస్తున్నారు. అందరికన్నా తప్పులు తక్కువ. ఇంట్లో సంపాదన కూడా ఆవిడదొక్కటే. రేపు సాయంత్రం నోటీసు ఇచ్చేస్తారట. నిన్న చూస్తే, కుర్చీ మీద వేసుకునే దిండు అప్పుడే సంచిలో పెట్టేసుకున్నారు.”

సన్యాసమ్మ గారు పెరటివైపు చూశారు. పెరటి వసారాలోంచి చేట చప్పుడు వస్తోంది. ఆవిడ వదిన గారు బంగారమ్మ గారు మధ్యాహ్నానికి బియ్యం చెరిగి రాళ్లు ఏరుతున్నారు. సన్యాసమ్మ గారు గౌరీపతి చేతికి ఒక కాగితం, పెన్సిలూ ఇచ్చారు.

“నిమిషానికోసారి వెళ్లి, పెరటి గుమ్మంలో నిలబడు. వదిన దృష్టి బియ్యం మీదే ఉందా అని ఆవిణ్ణే అడుగు. చూసింది చూసినట్టు రాసుకుని రా. పావుగంట చాలు.”

గౌరీపతికి ఇలాంటి పనులు చిన్నతనం. అయినా వెళ్లాడు. నేను గుమ్మం దగ్గర కూర్చునే భాగ్యం చేసుకున్నవాణ్ణి కనక రెండు పక్కలా జరిగేది నాకు చక్కగా వినిపిస్తుంది.

“పెద్దమ్మా, మీ దృష్టి బియ్యం మీదే ఉందా?”

“ఏటి నాయనా? మంచినీళ్లు కావాలేటి?”

అతను ‘లేదు’ అని రాసుకుని వచ్చాడు. నిమిషం తర్వాత మళ్లీ వెళ్లాడు. మూడోసారికి ఆవిడ, “ఇందాకే అడిగావు కదా!” అన్నారు. ఏడోసారికి, “ఆకలేస్తోందేటి? ఏరితేనే కదా ఎసట్లో పోసేది!” అన్నారు. పదకొండోసారి అతనితో మాట్లాడనే లేదు. ముందుగదికేసి గొంతెత్తి, “సన్యాసీ! ఈ కుర్రోడికి ఒంట్లో బాగోలేదేటే? ఓపాలి వచ్చి చూడు!” అని కేకేశారు. నేను నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. పదిహేనోసారికి ఆవిడ, “ఉంది నాయనా, ఉంది, ఉంది. నీ మీదే ఉంది!” అన్నారు.

గౌరీపతి కాగితం తెచ్చి గురువు గారి ముందు పెట్టాడు. పదిహేనుకి పదిహేనూ ‘లేదు’. “ఆవిడ ఒక్కసారి కూడా బియ్యం వైపు చూడట్లేదండీ,” అన్నాడు బాధగా. నిజంగానే బాధపడ్డాడు, పాపం. సన్యాసమ్మ గారు కాగితాన్ని మడిచి, “భోంచేసి మాట్లాడుకుందాం,” అన్నారు.

విస్తళ్లు వేశారు. ముద్దపప్పు, వంకాయ పచ్చడి. గౌరీపతి రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, కటక్‌మని ఒక చప్పుడు. గదిలో అందరికీ వినబడింది. అతను దవడ పట్టుకుని, శనగగింజంత రాయిని విస్తరి అంచున పెట్టాడు. బంగారమ్మ గారు నొచ్చుకుని, “ఇరవయ్యేళ్లలో నా చేతి బియ్యంలో రాయి రాలేదమ్మా. ఇయ్యాలేటిలాగయింది!” అన్నారు.

సన్యాసమ్మ గారు ఆ రాయిని రెండు వేళ్లతో తీసి వెలుతురులో తిప్పి చూశారు. “ఏరినవన్నీ వదినవి,” అన్నారు గౌరీపతితో. “ఇది మాత్రం నీది. ఉంచుకో.”

అతను ముద్ద కలపడం ఆపేశాడు. “నేను అడగబట్టే తల ఎత్తారు,” అన్నాడు నెమ్మదిగా. “మరి అడక్కుండా ఎలా తెలుస్తుందండీ?”

“ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నావు కదా. చేట చప్పుడు వినపడలేదూ?”

వినపడిందతనికి. వినపడడమంటే, పొద్దుటి చప్పుడు ఆ క్షణంలో వినపడింది. చేట ఆడుతున్నంతసేపూ ఆవిడ బియ్యం మీదే ఉన్నారు. అది ఆగితే ఆవిడ లేచినట్టు. మళ్లీ మొదలైతే వచ్చినట్టు. పొద్దుట్నుంచీ ఆ చప్పుడు ఎవరూ అడక్కుండానే ముందుగదికి కబురు చెబుతోంది. గౌరీపతి లేచి వెళ్లిన ప్రతిసారీ ఆగింది, తిరిగి రాగానే మొదలైంది. పదిహేను సార్లూ ఇది నేను విన్నాను. ఇతగాడు వెళ్లినప్పుడల్లా ఆగుతోందేమిటా అని వింతగానూ అనిపించింది. చెప్పలేదేమంటే, తువ్వాలు నోట్లో ఉంది.

గౌరీపతి మజ్జిగ కూడా పోసుకోకుండా చెయ్యి కడుక్కున్నాడు. నన్ను బండెక్కించుకుని కంటోన్మెంటు వైపు పరిగెత్తించాడు. కేంద్రంలోకి చప్పుడు కాకుండా వెళ్లి చినతల్లి గారి వెనక నిలబడ్డాం. ఆవిడ నలభై దాటిన మనిషి. కళ్లు చిట్లించి పాత దస్తావేజులో ఒక అక్షరం పోల్చుకుంటున్నారు. ఇంతలో ‘ఇంటర్నెట్ లేదు’ అని తెర మీద ఓ కబురు పైకొచ్చింది. అది వచ్చిందంటే ఫోకస్ దానికి పోయినట్టే. వెంటనే గౌరీపతి హెచ్చరిక పెట్టె తెర మధ్యలో తెరుచుకుంది. గదిలో పన్నెండు తెరల మీదా ఒకేసారి తెరుచుకుంది. పదకొండు చేతులు ఈగని కొట్టినట్టు టపటపా ‘సరే’ కొట్టేశాయి. చినతల్లి గారు మాత్రం కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు.

ఆ హెచ్చరిక ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన ఆపరేటరు వారికి నమస్కారములు. తమ దృష్టి కార్యక్షేత్రము నుండి తాత్కాలికముగా వైదొలగినట్లు సవినయముగా గమనించడమైనది. చంచలమైన మనస్సును నిగ్రహించి, ఏకాగ్రత యను దీపమును మరల వెలిగించి, తమ అమూల్య సేవలను కొనసాగింప ప్రార్థన. ఇందులకు సమ్మతమైనచో సరే యని నొక్కగలరు.’ శైలి బాగుందని నేను ఇప్పటికీ అంటాను. దాన్ని మనసుపెట్టి చదవడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ ఫోకస్ ఆ పెట్టెదే, టైపు విండోది కాదు. ప్రోగ్రాము సెకనుకోసారి తొంగిచూసి, ‘లేదు, లేదు, లేదు’ అని పది గీతలు గీసుకుంది.

“ప్రతిసారీ ఇదంతా చదువుతారాండీ?” అన్నాడు గౌరీపతి.

చినతల్లి గారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. “సదవమనే కదా బాబూ పెట్టారు? అందులో ఏటి రాసుందో సూడకుండా సరే అనెయ్యడం ఏటి? దస్తావేజుల కాడ కూకున్నోళ్లం, అలాగ సరే అనకూడదు.” ఆగి, “పది రోజులుగా నాకు దృష్టి లేదనే సెప్తోందది. ఏలు పెట్టుకుని మరీ సదూతున్నాను. మరింకెలాగ సూడాలో తెలీట్లేదు బాబూ,” అన్నారు.

గౌరీపతి ఆ మధ్యాహ్నమే ఆ తొంగిచూసే పనిని ప్రోగ్రాములోంచి పీకేశాడు. ఏ విండోకైనా ఫోకస్ వచ్చినా, పోయినా కంప్యూటరు తనంతట తానే ఒక కబురు పంపుతుంది. పంపడం మొదట్నుంచీ ఉంది, వినే ఏర్పాటే లేదు. ఇప్పుడు ప్రోగ్రాము ఎవరినీ ఏమీ అడగదు. ఊరికే చెవొగ్గి ఉంటుంది. పోయిందన్న కబురొస్తే ఒక్కసారి రాసుకుంటుంది, అంతే. హెచ్చరిక పెట్టెని అతను మొదలంటా తీసేశాడు. ఏకాగ్రత యను దీపము అలా ఆరిపోయింది.

శనివారం సాయంత్రం పోలినాయుడు గారు నోటీసు కవరు బల్ల మీద పెట్టుకుని కొత్త అంకెలు చూశారు. చినతల్లి గారికి ఇరవయ్యెనిమిది. మిగతావాళ్లకీ ఇరవయ్యెనిమిదే. ఒకాయనకి మాత్రం ముప్పయ్యొకటి. ఆ పైమూడూ క్రికెట్ స్కోరుకని ఆయనే లేచి నిలబడి ఒప్పుకున్నాడు.

“అందరికీ ఇరవయ్యెనిమిదేటయ్యా? కూడబలుక్కున్నారా?”

“మీ ఇంటర్నెట్ ఇరవయ్యెనిమిది సార్లు పోయిందండీ,” అన్నాడు గౌరీపతి.

“అయితే దృష్టి లేనిదెవరికంటావు?”

“నాకేనండీ.”

పోలినాయుడు గారు అతన్ని ఎగాదిగా చూశారు. కవరు తీసి, పైన ఉన్న పేరుని అడ్డంగా కొట్టేసి, సొరుగులో పడేశారు. ఆవేళ మేం మెట్లు దిగుతుంటే చినతల్లి గారు సంచిలోంచి దిండు తీసి, రెండు దెబ్బలు కొట్టి కుర్చీ మీద వేసుకుంటున్నారు.

ఆదివారం ఇదంతా గౌరీపతి గురువు గారికి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా అయ్యాక, “పన్నెండుమందిలో చివరిదాకా చదివింది ఆవిడొక్కతే అన్నమాట,” అన్నారు. ఆ తర్వాత మెల్లిగా, “రాసేవాళ్లకి అలాంటి మనిషి ఊరికే దొరకదు. ఉద్యోగం ఊడగొట్టేదాకా వెళ్లారు,” అన్నారు.

ఆ మాట అంటూ ఆవిడ చూసింది గౌరీపతి వైపు కాదు, గుమ్మం వైపు. గౌరీపతి నేల చూపులు చూస్తున్నాడు. మంచివాడు, నోరు విప్పలేదు. ఇక నేనే చెప్పక తప్పదు. ఆ పెట్టెలో అతను రాసినవి ‘వెనక్కి రండి’ అని రెండు మాటలే. వాటిని తీయించి, ఆ నాలుగు వాక్యాలూ, దీపంతో సహా, పెట్టించింది నేను.